గోపాలకృష్ణమూర్తి గారి హామీపత్రం

లాల్‌దర్వాజాలో గోపాలకృష్ణమూర్తి గారి కంప్యూటరు ముట్టుకోవాలంటే, దానితో బాంబులు తయారుచేయనని ముందుగా సంతకం పెట్టాలి. పెళ్ళిపత్రిక టైపు చేసుకునేవాడైనా సరే, తప్పదు. ఊరగాయల కొలతలు ఎక్కించుకుందామని కూర్చున్న భార్య శారదాంబ చేత కూడా పెట్టించారు.

దీనికంతటికీ కారణం లినక్స్. 2002లో ఆ చుట్టుపక్కల ఆ ఆపరేటింగ్ సిస్టమ్ వాడే మనిషి ఆయనొక్కరే. ఎవరు ఫ్లాపీ తెచ్చినా అందులో సరిగ్గా తెరుచుకునేది కాదు. అయినా నలుగురూ కలిసి రాసి ఊరికే పంచిపెట్టినదని ఆయనకి అదంటే ప్రాణం. తీరా షరతులు చదివితే, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని ఉంది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. క్షిపణులు చేసేవాడు కూడానా అని ఆ రాసినవాళ్ళకి ఉత్తరం పంపారు. వాడు కూడా వాడుకోవచ్చని జవాబొచ్చింది. ఆ పూట ఆయన భోజనం చేయలేదు. మర్నాటి నుంచి హామీపత్రం మొదలైంది.

గుడి కమిటీ కృష్ణయ్య బోనాల కరపత్రం కోసం వచ్చి ఇరుక్కున్నాడు. సంతకం పెడతాను గానీ అమ్మవారి చేతిలో కత్తి ఉంది కదా, ఎట్లా అని అడిగాడు. మూర్తిగారు అరగంట ఆలోచించారు.

"అమ్మవారు ఎదురుగా నిలబడి, ఎవణ్ణి కొడుతోందో చూసి కొడుతుందయ్యా. ఆకాశంలోంచి పడేసి పోదు. సంతకం పెట్టి రాసుకో."

ఇంటి ఓనరు సీతారాం కూతురు రశ్మి ఆ కంప్యూటరు మీదే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. లాడ్ బజార్‌లో వాళ్ళ గాజుల దుకాణం మూతపడ్డాక ఇల్లంతా ఆ పిల్ల ఉద్యోగం కోసమే ఎదురుచూస్తోంది. ఏడాది తిరిగితే ఒక్కటి దొరికింది. అదీ బాంబులకి గురి కుదిర్చే పరికరాలు చేసే కంపెనీలో. సోమవారం చేరాలి. సంతకం పెట్టి మాట తప్పడం రశ్మికి చేతకాదు. మెట్లెక్కి మేడమీద మూర్తిగారి దగ్గరికి వెళ్ళి, తల వంచుకుని సంగతంతా చెప్పింది.

"అంకుల్, నా కాయితం నాకు వాపస్ ఇయ్యుండ్రి. ఇంట్ల పరిస్థితి మీకెరుకే గద."

ఆయన గంటసేపు కేకలేశారు. ఆమె మీద కాదు. మొన్నటి యుద్ధంలో విమానాల్లోంచి అన్నం పొట్లాలూ బాంబులూ ఒకే పసుపు రంగులో పడేశారని పేపర్లో చదివారు, వాళ్ళ మీద.

"ఆకలేసిన పిల్లాడు ఏది తీయాలమ్మా? ఆ రంగు ఖాయం చేసిన పెద్దమనిషికి ఇంట్లో పిల్లల్లేరా?"

రశ్మికి ఏడుపొచ్చింది. ఆయన కోపం న్యాయమైనదే, అదే ఆమె బాధ. అరిచి అరిచి గొంతు పోయాక ఆయన ఫైలు తీసి, ఆమె కాగితం ఆమె చేతిలో పెట్టారు.

"తీసుకుపో. మీ ఇంట్లో దీన్ని వండుకు తింటారా ఏమిటి? సోమవారం లోపల మాత్రం ఈ అడ్రసుకి ఒకసారి వెళ్ళిరా."

అది ఆబిడ్స్‌లో బ్లడ్‌బ్యాంకులకి లినక్స్‌లోనే ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు. యజమాని అమరనాథ్ లినక్స్ మీద నాలుగు ప్రశ్నలు అడిగి, అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశాడు. మూర్తి అంకుల్ మీకెట్లా తెలుసని రశ్మి అడిగింది.

"తెలుసుడేంది తల్లీ, రెండు నెలల్ల ఎనిమిదిసార్లు వచ్చిండు. ఏడుసార్లు ఆ హామీపత్రం మీద దస్తఖత్ చెయ్యమని ఒకటే లొల్లి. నిన్న ఎనిమిదోసారి వచ్చి, దస్తఖత్ వద్దు గాని పిల్లకు నౌకరి ఇయ్యమన్నడు."