ముప్పై మందికి ఒకే ఫోన్ నంబర్

డబ్బులు పంపుకునే యాప్‌లో దొంగ ఖాతాలను పట్టే ఏఐ మోడల్‌కి డేటా సిద్ధం చేయడం నా ఉద్యోగం. కొత్తగూడెంలో ఇంటి నుంచే పని. ఈ రోజు భద్రాచలం అవతల ఒక అడవి పల్లెలో ముప్పై ఖాతాలకు ఒకే ఫోన్ నంబర్ కనిపించింది. పక్కా మోసమే అనుకున్నాను. టీమ్‌లో తెలుగు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి నన్నే ఫోన్ చేసి కనుక్కోమన్నారు.

ఆ పల్లె అంగన్‌వాడీ టీచర్‌నంటూ ఒకామె ఎత్తింది.

"మేడం, మీ నంబర్ మీద ముప్పై మంది ఎట్లున్నరు?"

"మా ఊర్లె ఫోనున్నది నాకొక్కదానికే. అది సరే, నువ్వెవరు? ఓటీపీ అడుగుతవా ఏంది?"

కంపెనీ పేరు చెప్పాను.

"అందరు గట్లనే అంటరు" అని పెట్టేసింది.

గంటలో మా కస్టమర్ కేర్‌కి నా నంబర్ మీద ఓటీపీ మోసమని ఆమె నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆమె మాట నిజమో కాదో ఇంకా తేలలేదు కానీ, నా మీద విచారణ మొదలైంది. మీరైతే మా ఇద్దరిలో ఎవరిని అనుమానిస్తారు?