ఫెదర్‌స్టన్ గారి ‘మేక్’

ఫెదర్‌స్టన్ గారి ఎదుట ‘మేక్’ అన్నారంటే అయిపోయారన్నమాటే. జేబులోంచి చీటీ తీసి, ఆ మాట ఏ పుస్తకంలో చదివారు, ఏ సంవత్సరం, ఎన్నో పేజీ అని ప్రాణం తీసేవారు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఓ నిఘంటువు కార్యాలయంలో, ఆ మాట ఎవరెక్కడ వాడారో చీటీల మీదికి ఎత్తి రాస్తూ, ఆయన పదిహేడేళ్లుగా ‘చేయడం’ అనే ఆ ఒక్క ఇంగ్లీషు క్రియాపదం పట్టుకుని కూర్చున్నారు. తొంభై నాలుగు అర్థాలు తేల్చారు, ఇంకా ఆశ చావలేదు.

ఆయన అద్దెకుండే ఇంటి యజమానురాలు మిసెస్ ఒగ్డెన్‌కి టీ పెట్టనా అని అడగాలన్నా ఆ మాటే దిక్కాయె. విసిగిపోయి, నోరు మూసుకుని కెటిల్ చూపించడం నేర్చుకుంది పాపం. ఆ మాటకి మూలం పిండి పిసకడమేనని తేలిన రోజున అయ్యగారు తిన్నగా రొట్టెల దుకాణంలోకి వెళ్లి చేతులు మోచేతుల దాకా పిండిలో దించేశారు. దుకాణదారు ఆ పిండి మొత్తం ఆయనకే అంటగట్టాడు. కార్యాలయమంతా మూడు రోజులు రొట్టె తప్ప మరోటి ఎరగదు.

పక్క బల్ల హెస్టర్ టిండాల్‌కి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ అక్టోబరు దాకా. ఆ నెలలో ఓ సాయంత్రం, చీటీలు గడప దాటకూడదన్న నియమం కాదని, సరిచూద్దామని ఓ కట్ట ఇంటికి పట్టుకెళ్లి బస్సులో మరిచిపోయింది. ‘మేక్’కి పక్క సర్దడం అన్న అర్థం ఉందిగా, దాని చీటీలన్నీ అందులోనే. క్రిస్మస్‌కి ముద్రణకి వెళ్లాలి. ప్రధాన సంపాదకుడు డాక్టర్ క్రంప్‌కి తెలిస్తే పదకొండేళ్ల ఉద్యోగం ఆ పూటే ఊడుతుంది. హెస్టర్‌కి నోరు విప్పే ధైర్యం రాలేదు.

సరిగ్గా అప్పుడే ఫెదర్‌స్టన్ గారి పిచ్చి ముదిరింది. పాత చీటీలు తనకి నచ్చలేదని, ఆ ఒక్క అర్థం మళ్లీ మొదలుపెడతానని క్రంప్‌తో చెప్పి నానా చీవాట్లు తిన్నారు. ఆపైన ఊరి మీద పడ్డారు. అరవై రెండేళ్ల బ్రహ్మచారి గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, “అమ్మా, మీ ఇంట్లో పక్కలు సర్దడం గురించి ముత్తవ్వల నాటి ఉత్తరాలేమైనా ఉన్నాయా?” అంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? తలుపులు ముఖాన పడ్డాయి. ఓ ఇంట్లో కుక్కని వదిలారు. చర్చి పాదిరీ క్రంప్‌కి ఫిర్యాదు రాశాడు. ముసలాయనకి మతి పోయిందని హెస్టర్ కూడా అనుకుంది.

డిసెంబరులో ఓ ఉదయం, పోయిన కట్ట ఉండాల్సిన అరలో ఓ కట్ట ప్రత్యక్షమైంది. విప్పి చూస్తే అరవై మూడు చీటీలు. పాత వీలునామాలు, ఇంటి పద్దులు, పనిమనుషుల ఉత్తరాలు, అన్నిటి నుంచీ ఎత్తి రాసినవే. ప్రతి అక్షరం ఫెదర్‌స్టన్ గారిదే. హెస్టర్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

“ఆ కట్ట పోగొట్టింది నేనండీ.”

“తెలుసు. మర్నాటి నుంచే మీరు ఆ అర వైపు చూడటం మానేశారు.”

“మరి డాక్టర్ క్రంప్ గారికి చెప్పలేదేం?”

ఆయన తలెత్తకుండానే ఇంకో చీటీ మీద తేదీ వేసుకున్నారు.

“‘మేక్’కి తప్పు చేయడమని కూడా ఓ అర్థం ఉంది, మిస్ టిండాల్. దానికి చీటీలు ఎప్పుడో నిండిపోయాయి. సగం నావే. కొత్తవి తీసుకోవడం లేదు.”