మూత తీసింది మా అత్త

మొన్న హైదరాబాద్‌లో మా అబ్బాయికి వాచీ కొందామని ఒక పెద్ద షోరూముకు వెళ్తే, అక్కడి సేల్స్‌మన్ పావుగంటసేపు దాని ధర గురించీ, అలాంటివి పెట్టుకునే గొప్పవాళ్ల గురించీ చెప్పాడు. "అదంతా సరే నాయనా, లోపల మిషను ఏది?" అన్నాను. అతను నా చీర వైపూ నా వైపూ వింతగా చూశాడు. ఆ ప్రశ్న నాది కాదు, వనపర్తిలో గడియారాలు బాగుచేసిన మా మేనత్తది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అత్త వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదివాను. బస్టాండు దగ్గర వాళ్ల దుకాణం. రేకుల కప్పు, వాచీలు కడిగే పెట్రోలు వాసన, గోడనిండా తలా ఒక టైం చూపించే గడియారాలు. పని నిజానికి మామది. రైతు సంగతికి ఐదేళ్ల ముందు ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, కంటికి బిగించుకునే భూతద్దం అత్త కంటికెక్కింది. రెండేళ్లలో తనను మించిపోయిందని ఆయనే చెప్పేవాడు, అదీ ఏడుపు మొహంతో కాదు, మీసం దువ్వుకుంటూ. కానీ వచ్చేవాళ్లకు అది పట్టదు. వాచీ తెచ్చి మామ ముందే పెట్టేవారు. మామ దాన్ని అత్త వైపు జరిపేవాడు. అత్త చూసి మామకు చెప్పేది, మామ వాళ్లకు చెప్పేవాడు. పక్కపక్కనే కూర్చున్న మొగుడూ పెళ్లాల మధ్య ఈ రాయబారం ఏమిటో! నాకు ఒళ్లు మండేది. అత్త తల ఎత్తేది కాదు గానీ లోపల నొచ్చుకునేది.

ఒకరోజు మల్దకల్ వైపు నుంచి ఒక పెద్దరైతు వచ్చాడు. ఆ ఏడు పత్తి విత్తనాల పంట కలిసొచ్చి, గొప్ప ఫారిన్ వాచీ కొనాలని ముచ్చటపడ్డాడు. పట్నం వ్యాపారి ఒకడు రెండు వాచీలు చేతిలో పెట్టి, నచ్చింది ఉంచుకొమ్మన్నాడట. ఒకటి బంగారు రంగుది, నలభై వేలు. రెండోది పాత స్టీలుది, సాదాగా ఉంది, ముప్పై వేలు. ఆయన వాటిని చెరో అరచేతిలో పెట్టి తూచాడు. మా దిక్కున చాలామంది అంతే, బరువుంటే మంచి వాచీ అని నమ్మకం. "గీ బంగారుదే దిట్టంగున్నది తమ్మీ. ఊకె ఒకసారి చూసి చెప్పు" అని రెండూ మామ ముందు పెట్టాడు.

మామ జరిపితే అత్త రెండింటి మూతలూ తీసింది. కళ్లముందే నలభై వేలు మట్టిపాలవుతుంటే ఆగలేకపోయిందేమో, మొట్టమొదటిసారి తలెత్తి నేరుగా ఆ రైతుతోనే అంది. "స్టీలుదే తీసుకో అన్నా. బంగారుదాన్ల ఉన్నది మూడొందల వాచీల ఉండే మిషనే. బరువు కోసం ఇనుప రింగు పెట్టిండ్రు."

ఆయన ముఖం మామ వైపు తిప్పాడు. "ధర తక్కువున్నది ఎట్ల మంచిదైతది తమ్మీ? ఆమెకేం తెల్సు? నువ్వు చూడు జర."

మామ ఆ వాచీ అందుకుంటే చాలు, అత్త ఇక జన్మలో ఎవరి ముందూ నోరు విప్పదు. మామ వణికే చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. "మూత తీసింది ఆమె గద అన్నా. ఆమెనే అడుగు."

అత్త భూతద్దం తీసి ఆ రైతు చేతికిచ్చింది. "ఎద్దును తూకమేసి కొంటవా అన్నా? నోరు తెరిచి పండ్లు చూస్తవ్ గద. గిది గూడ గంతే. నువ్వే చూడు."

ఆయన చూశాడు. బంగారుదానిలో ప్లాస్టిక్ మిషను, చుట్టూ ఇనుప రింగు. స్టీలుదానిలో ఎర్రటి సన్నరాళ్ల మధ్య ఒక చక్రం అటూ ఇటూ ఊగుతోంది. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. "అరె, పానమున్నట్టు కొట్టుకుంటున్నది గదా!" అన్నాడు. స్టీలుదే ఉంచుకున్నాడు.

ఏడాది తర్వాత బావమరిది కోసం బేరమాడిన వాచీతో ఆయన మళ్లీ వచ్చాడు. మామ అలవాటుగా చేయి చాచాడు. ఆయన వాచీని తీసుకెళ్లి అత్త ముందు పెట్టి, "చెల్లె, నువ్వు చెప్తెనే కొంటం" అన్నాడు. అత్త భూతద్దం బిగించుకుంది. నాకు మాత్రం బస్టాండులో ఉన్న జనాన్నంతా కేకేసి చూపించాలన్నంత గర్వం కలిగింది. మామ ముందు నుంచి అత్త ముందుకు ఆ బల్ల మీద దూరం జానెడే. ఆ జానెడుకు ఆరేళ్లు పట్టింది.