ఊసుపోక చేసే పని

1998లో నేను బందరులో ఒక పరిశోధన సంస్థ తరఫున కూలి రేట్ల సర్వే చేశాను. ఎవరికి ఏ పని వచ్చు, దానికి ఎంత ముడుతుంది అన్నది ఇంటింటికీ వెళ్లి రాసుకోవాలి. ఇంటికొకటి చొప్పున నింపే ఆ ప్రశ్నల కాగితాన్ని షెడ్యూల్ అంటారు. మొవ్వ దగ్గర మా తాతగారి మాగాణి నా చిన్నతనానికే పరుల చేతికి వెళ్లింది. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా నేను ఏ గడపా ఎక్కలేదు.

నాకిచ్చిన వీధిలో రోల్డ్ గోల్డ్ నగల పని జరుగుతుందని ఊరంతటికీ తెలుసు. మొదటి ఇల్లు సుభద్రమ్మ గారిది. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం. వసారాలో కూర్చుని, దీపం మంటను ఊదుగొట్టంతో వంచి గొలుసు కడీలు, అంటే సన్నటి రింగులు, అతుకుతున్నారు. నన్ను చూడగానే పళ్లెం మీద కొంగు కప్పారు.

“ఏం పని చేస్తుంటారండీ?”

“పనేంటి బాబూ. ఏదో ఊసుపోక.”

ఆ మాట నాకు కొత్త కాదు. అలాంటి ఇంటి ఆడవారిని కూలివారిగా రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ‘పని చేయడం లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. వీధి పొడుగునా అదే మాట, అదే టిక్కు.

వారం తర్వాత మా సూపర్‌వైజర్ మేడం ఆ కాగితాలు నా ముందు పెట్టారు.

“రంగారావు గారూ, మీ వీధిలో ఆడవాళ్లెవరూ పని చెయ్యట్లేదు. మరి ఆ గొలుసులు వాటంతటవే అతుక్కుంటున్నాయా? ఇంట్లో కూర్చుని రాశారా?”

“ప్రతి గడపా ఎక్కానండీ.”

“అయితే సోమవారంలోగా మళ్లీ ఎక్కండి. మళ్లీ ఇవే తెస్తే వేరే ఉద్యోగం చూసుకోవాలి మీరు.”

బతిమాలడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మర్నాడు పొద్దున్నే సుభద్రమ్మ గారింటికి వెళ్లాను. పళ్లెం మీదికి మళ్లీ కొంగు వచ్చింది.

“మళ్లీ వచ్చారేం?”

“తప్పు రాశానండీ.”

“నేను చెప్పిందేగా రాశారు?”

పెన్ను జేబులోంచి తీయకుండానే అన్నాను. “మా అమ్మ కూడా ఇదే పని ఊసుపోకే చేస్తుందండీ. ఆ ఊసుపోకతోనే నేను బి.ఏ. చదివాను.”

అంతవరకు ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు నేను. ఆమె పళ్లెం మీది కొంగు తీశారు.

“మీ అమ్మగారిది అతుకు పనా, రాళ్లు పొదగడమా?”

“అతుకేనండీ.”

“అతుకు కనపడుద్దా?”

“కనపడదండీ.”

“అదీ. కనపడితే ఇక పనితనమేంటి?”

“మీకెవరు నేర్పారండీ?”

“ఎవరు నేర్పుతారు? చూసి నేర్చుకున్నా. ఈ వీధిలో సగం మందికి నేనే నేర్పా. ఎదురింటి కోడలు మాత్రం ఇంకా కడీలు కాలుస్తానే ఉంది.”

“వినపడుతోంది పిన్నిగారూ,” అంది ఎదురింటి నుంచి ఒక గొంతు.

“వినపడాలనే అన్నా.”

“మరి ఏమని రాయమంటారు?” అన్నాను.

“కూలీ అని మాత్రం రాయకండి బాబూ. పనిమంతురాలని రాయండి.”

మా షెడ్యూల్‌లో దానికి గడి ఉంది. స్కిల్డ్, అంటే నేర్చుకుంటే తప్ప రాని పని. టిక్కు పెట్టి చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని సరిచూసుకుని, ఎదురింటికి కేక వేశారు. “అమ్మాయ్, నువ్వూ రాయించుకో. కాలుస్తావన్న సంగతి నేను చెప్పన్లే.”

సోమవారానికి వీధి మొత్తం తిరిగి రాశాను. వీధీ సర్వేలో నిలిచింది, నేనూ ఉద్యోగంలో నిలిచాను. ఆ తర్వాత గుడివాడ మిల్లుల్లో, దివిసీమ వలల దగ్గర ఎన్ని సర్వేలు చేసినా, ‘ఏం పని చేస్తారు’ అని మొదలుపెట్టలేదు. ‘ఇది మీకెవరు నేర్పారు’ అని అడిగాను. పని అడిగితే కొంగు కప్పేవారే పనితనం అడిగితే పళ్లెం ముందుకు జరుపుతారు.

కొన్నేళ్లకు జనాభా లెక్కల ఆయన మా గుమ్మంలో నిలబడి అమ్మ ఏం చేస్తుందని అడిగాడు. “ఏదో ఊసు...” అని ఆమె మొదలుపెట్టేలోపే నేను చెప్పాను.

“అతుకు పని. అతుకు కనపడదు. రాసుకోండి.”