సీరియల్ పోర్టులో వచ్చిన ఒక్క లైను

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇప్పటికీ నమ్మను. గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతికేవాణ్ణి. పాడైన ప్రతిదానికీ ఏదో ఒక కారణం ఉంటుంది, అంతే.

పోయిన వేసవిలో బందరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. సర్వర్ లేవడం లేదట. దాన్ని పెట్టింది ఎక్కడనుకున్నారు? వాడకం మానేసిన మరుగుదొడ్లో. తలుపు తీయగానే కంపు గుప్పుమంది. అదీ చాలనట్టు ప్రతి దసరాకీ ఆయుధపూజంటూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు దిగి మానిటర్ వైరు పెట్టే చోటు తుప్పుపట్టిపోయింది. పసుపు ముద్దల్లో చీమలు, బొద్దింకల పెంట. ఛీ!

ఇదేం పనని నర్సుని కసిరాను. "పూజ చేస్తే కూడా తప్పేనా అండీ?" అంది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కోడూరు నుంచి ఒకావిడని తెచ్చారు. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరేటర్ రెక్క తగిలి కాలు తెగింది, చీము పట్టింది. ఇదివరకు ఇక్కడే ఏదో ఇంజెక్షన్ పడక చచ్చి బతికిందట. ఇప్పుడు ఆవిడకి స్పృహ లేదు, అదేమిటో ఆమె భర్తకి గుర్తులేదు. పాత ఫైలు సర్వర్లోనే ఉంది.

"ఇంకో పావుగంట చూసి డాక్టరుగారు ఏదో ఒకటి మొదలుపెట్టేస్తారండీ."

మానిటర్ లేకపోయినా దారి ఉంది. సర్వర్ వెనక సీరియల్ పోర్టు ఉంటుంది. కన్సోల్ రీడైరెక్షన్ అనే సెట్టింగ్ పెడితే, తెరమీద కనపడాల్సిన అక్షరాలు కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. ఆ మోడల్ మెనూ నాకు కంఠతా వచ్చు. పోర్టుకి నా ల్యాప్‌టాప్ తగిలించి, గుడ్డిగా కీబోర్డు నొక్కుతూ పోర్టు ఆన్ చేశాను, రెండువైపులా ఒకే వేగం పెట్టాను, సేవ్ చేశాను. ముక్కు మూసుకుని చూస్తూ కూర్చున్నాను.

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక్క లైను వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "సరోజినికి పెన్సిలిన్ వద్దు."

ఆవిడ పేరు నాకెవరూ చెప్పలేదు. ఫైలు తెరుచుకుందేమో అనుకుని పరుగెత్తి డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ పేరు సరోజినే. ఆయన సిరంజి పక్కన పెట్టించి మందు మార్చారు.

తిరిగొచ్చి పెట్టె విప్పాను. లోపల ఎలుక గూడు, చచ్చి కుళ్లిన పిల్లలు. థూ! పోర్టు నుంచి బోర్డుకి వెళ్లే తీగ మొత్తం కొరికేసి ఉంది. చివర్లు నల్లబడ్డాయి, నిన్నా మొన్నా తెగింది కాదు. అందులోంచి ఒక్క అక్షరం కూడా వచ్చే వీల్లేదు. డిస్కు అసలు తిరగడమే లేదు. నా ల్యాప్‌టాప్‌కి నెట్ కూడా లేదు. ఆ ఫైలు ఎప్పటికీ దొరకలేదు.

రెండ్రోజుల తర్వాత నేనింకా ఆ దరిద్రపు గదిలోనే ఉన్నాను. ఆవిడ భర్త ఇల్లంతా వెతికి పాత చీటీ తెచ్చాడు. పడని మందు పెన్సిలిన్ అనే ఉంది. కంపుకొడుతున్న నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"మీ చలవ వల్లే బతికింది బాబూ."

"నాదేముంది మావయ్యా, కంప్యూటర్ చెప్పింది" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. ఎవరు చెప్పారో మాత్రం ఈరోజుకీ తెలియదు.