రాజురా దారిలో పులిబండి

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతటా స్నేహితులుండేవారు. ఇంట్లో మాట్లాడటానికి మాత్రం మాటలు దొరికేవి కావు. చంద్రపూర్ దగ్గర ఊర్జానగర్ కాలనీలో ఉండేవాణ్ణి, విద్యుత్ కేంద్రంలో కొత్త ఇంజనీరుని. డ్యూటీ దిగి క్వార్టరుకు రాగానే వెనకగదిలో హ్యామ్ రేడియో ముందు కూర్చునేవాణ్ణి. (హ్యాములంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు పుచ్చుకుని, సొంత రేడియోలో ముక్కూ మొహం తెలియనివాళ్లతో కబుర్లు చెప్పే ఒక రకం పిచ్చివాళ్లం. చేతిలో ఫోన్ ఉండగా ఇదెందుకయ్యా అని అడిగితే మా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.) కిటికీలోంచి వచ్చే ఆ గరగర విని కాలనీ పిల్లలు నాకు 'ఖర్‌ఖర్ అంకుల్' అని పేరు పెట్టారు. పెళ్లి కాకముందే అంకుల్ అయిపోయానన్న దిగులు తప్ప, జీవితం హాయిగానే ఉండేది.

తర్వాత పెళ్లయింది. మా ఆవిడది ఆదిలాబాద్. మొదటి నెలల్లో మా సంభాషణంతా "తిన్నరా?", "తిన్న", "ఇంకింత ఏస్త?", "చాలు" దగ్గరే తిరుగుతుండేది. ఆమెది కొత్త, నాది సిగ్గు. ఆ సిగ్గరినే గోడకవతలికి వెళ్లి రష్యాలో ఒక పెద్దాయనకు మా ఊరి ఎండల గురించి అరగంట వర్ణించేవాణ్ణి. ఆమె వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా సర్దుకునేది. గిన్నెల భాష కూడా ఒక సంకేతమేనని అప్పటికి నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో హ్యాముల పోటీ ఒకటి వచ్చింది. బండిలో రేడియో పెట్టుకుని తిరిగేవాళ్లకు అందులో ఒక లాభం ఉంది: తాలూకా మారినప్పుడల్లా మనం కొత్త స్టేషన్ కింద లెక్క. మాట్లాడినవాళ్లతోనే మళ్లీ మాట్లాడినా మార్కులు పడతాయి. ఆదివారం పొద్దున్నే బయల్దేరి రాజురా, గోండ్‌పిప్రీ, మూల్ తాలూకాలు చుట్టి వస్తే మొదటి స్థానం నాదేనని పథకం వేశాను. శనివారం అన్నం తింటూ, "రేపు బండ్ల తిరిగొద్దాం, వస్తవా?" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. పోటీ సంగతి చెప్పాలని నాకు తట్టలేదు.

పొద్దున ఆమె పట్టుచీర కట్టుకుని, పూరీలు, ఆలుగడ్డ కూర, పుట్టింటినుంచి తెచ్చుకున్న సకినాలు సంచిలో సర్దుకుని కిందికొచ్చింది. కింద మా పాత వ్యాను నెత్తిన వాసమంత పొడుగు యాంటెన్నా, దాన్ని మూడువైపులా లాగి కట్టిన తాళ్లు, ముందుసీటు నిండా తీగలు. ఆమె తీగలు పక్కకు జరిపి కూర్చుంది. కాలనీ పక్కనున్న తుకుం దాటి, ఊరు కూడా దాటి, బల్లార్పూర్ రోడ్డెక్కాక కిటికీలోకి చూస్తూ, "తాడోబా తీస్కపోతున్నరనుకున్న" అంది. పులులుండే తాడోబా అడవి మాకు వెనకవైపు ఉండిపోయింది. నేను ఆమెను ఓదార్చడానికి, వర్ధా నది వంతెన దాటేదాకా రేడియో తరంగాలు ఆకాశానికి తగిలి ఎలా కిందికొస్తాయో వివరించాను. (ఇంతకన్నా మంచి ఓదార్పు ఆ వయసులో నా దగ్గర లేదు.)

రాజురా దాటాక, పత్తి చేల మధ్య కాస్త ఎత్తుగా ఉన్న చోట బండి ఆపాను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "చప్పుడు చేయకు, దూరపు స్టేషన్లు దొరకయి" అని ఆమెకు చెప్పి, ప్రపంచంలోకి మునిగిపోయాను. ఇక బండి బయట జరిగినదంతా తర్వాత ఆమె చెప్పగా విన్నదే.

కూర్చుని కూర్చుని విసుగొచ్చి ఆమె కిందికి దిగిందట. చేన్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నలుగురైదుగురు గట్టు మీదికొచ్చారు. (మహారాష్ట్రే అయినా సరిహద్దు కదా, ఆ వైపు ఊళ్లలో చాలామందిది తెలుగే.) వాళ్లలో పెద్దదైన అవ్వ అడిగింది.

"ఏంది బిడ్డా గీ బండి? గా పొడుగు కట్టె ఏంది?"

"ఆయన ఇంటుండు, అవ్వా."

"ఏం ఇంటుండు?"

"యాడ్నో ఉన్నదాన్ని. ఒక్కోపారి శాన దూరం ఉంటదట, ఒక్కోపారి పక్కకే ఉన్నట్టు వినవడతదట. మనం చప్పుడు చేస్తే దొరకదట."

నేను చెప్పిన పాఠాన్ని ఆమె పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. కానీ మా జిల్లాలో ఇలాంటి కట్టెలు పట్టుకుని చెవులు రిక్కించి తిరిగేవాళ్లు ఒక్కరే ఉంటారు. మెడకు రేడియో పట్టీ కట్టిన పులిని వెతికే అటవీ శాఖవాళ్లు. అవ్వ నోటిమీద చెయ్యి పెట్టుకుని, "గిది పులిబండే!" అంది. మరుక్షణం అందరూ పత్తి సంచులతో సహా మా వ్యాన్లోకి ఎక్కేశారు. వద్దు వద్దంటున్న మా ఆవిడను కూడా, పాపం పట్టుచీరలో పులివాత పడుతుందని, రెక్క పట్టి లోపలికి గుంజారు.

బండి ఊగడం నాకు తెలిసింది. గాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే జపాన్ గొంతు ఒకటి సన్నగా తగిలింది. మీట తిప్పుతూ పోతే అది పెరిగింది. మైకు నొక్కి ఉందన్న ధ్యాస లేకుండా, "వచ్చింది! వచ్చింది! పక్కకే వచ్చింది!" అని అరిచాను.

వెనకనుంచి లేచిన కేకకు నా ప్రాణం సగం పోయింది. తిరిగి చూస్తే వ్యాను నిండా ఆడవాళ్లు, ఒళ్లో పత్తి, కళ్లలో యముడు. హెడ్‌ఫోన్లలో జపాన్ ఆయన, మీ దగ్గర అందరూ క్షేమమేనా అని ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు.

పులి లేదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరో అప్పటికే ఊళ్లోకి ఫోన్ చేశారు. కర్రలతో మగవాళ్లు, మోటారు సైకిల్ మీద ఫారెస్టు గార్డు వచ్చారు. "కాయ్ సాహెబ్, ఏంది గిదంత?" అని గార్డు నా లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వాపుకోలేక వెళ్లిపోయాడు. మగవాళ్లు కూడా నవ్వుకుంటూ ఊళ్లోకి మళ్లారు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"జపాన్ల మనిషి వినవడతడు గని, చేనెనక పులి వినవడదా బిడ్డా?"

ఒకసారి పుట్టిన భయం, పులి లేదన్నంత మాత్రాన పోతుందా? ఆడవాళ్లు గట్టు దిగలేదు. పడమట మబ్బు పట్టింది. చేనంతా తెల్లగా విచ్చుకుని ఉంది. నేను గోండ్‌పిప్రీకి టైమైపోతోందని తాళం చెవి తిప్పబోయాను.

"మనం పోతే వీళ్లు చేన్లకు దిగరు" అంది మా ఆవిడ. "వాన పడితే పత్తంత నల్లగైతది. మీరు పోయి రాండ్రి, వీళ్లకు తోడు నేనుంట."

"పట్టుచీరతోనా?"

"చీర చూసి పులే పారిపోతది తియ్యుండ్రి" అని, కొంగు నడుముకు దోపుకుని దిగిపోయింది.

నేను తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, స్పీకరు పూర్తిగా పెంచి, వెనక తలుపు చేను వైపు తెరిచాను. దేశదేశాల హ్యాములందరూ ఒకేసారి పత్తిచేను మీద అరవడం మొదలెట్టారు. ఆ రొదకు పులి కాదు, దాని తాత కూడా దరిదాపులకు రాదు. ఆడవాళ్లు ధైర్యంగా సాళ్లలోకి దిగారు.

"గిప్పుడు మాట్లాడెటోడు యాడోడు?" అని అవ్వ అక్కడినుంచే కేకేసింది.

"ఉజ్బెకిస్తాన్, అవ్వా!"

"ఆడ పత్తి పండుతదా అడుగు!"

పోటీలో అలాంటివి అడగరు. పేరు, ఎంత బాగా వినబడుతోందో ఒక అంకె, అంతే, తర్వాతి మనిషి. అయినా అడిగాను. ఆయన, ఎందుకు పండదు, చిన్నప్పుడు మా అమ్మతో నేనూ ఏరేవాణ్ణి, కాయల ముళ్లకు వేళ్లు చీరుకుపోయేవి అన్నాడు. నేను అది తెలుగులో అరిచి చెప్పాను. అవ్వ తన చేతులు చూసుకుంది. "గాయినె తల్లి సల్లగుండాలె అని చెప్పు" అంది. చెప్పాను. గరగరలోంచి, "మీ అమ్మగారికి నా నమస్కారం" అన్నాడు. అవ్వ మా అమ్మ కాదని నేను సరిదిద్దలేదు.

ఆ తర్వాత పోటీ సంగతి దేవుడెరుగు. శ్రీలంకలో ఏం కూర వండారో, రష్యాలో మంచు పడిందో లేదో అడిగి, చేన్లోకి అరవడమే నా పని. మధ్యలో మా ఆవిడ పగలబడి నవ్వడం వినబడింది. పెళ్లయ్యాక ఆమె అలా నవ్వగా నేను వినడం అదే మొదలు. ఆ గొంతులో అంత నవ్వుందని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

మధ్యాహ్నం అందరం గట్టు మీద కూర్చుని పూరీలు పంచుకున్నాం. సాయంత్రానికి సంచులు నిండాయి. పోటీలో నేను చివరివాళ్ల వరసలో ఎక్కడో తేలానని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో వర్ధా వంతెన మీద చినుకులు మొదలయ్యాయి. మా ఆవిడ పత్తి ఏరి గీరుకున్న వేళ్లు చూసుకుంటూ వాళ్లింటి సంగతులు మొదలుపెట్టింది. వాళ్ల నాయన పత్తి బండి మీద పడుకుని మార్కెట్టుకు వెళ్లడం, మేనత్త తిట్లు, బడికి ఎగనామం పెట్టి జొన్నకంకులు కాల్చుకోవడం. రేడియోలో ఎవరో నా కాల్‌సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చిన పిలుపుపేరు, పట్టుకుని పదే పదే పిలుస్తున్నారు. పోటీ ఇంకా ముగియలేదు. చెయ్యి చాచి మీట కట్టేశాను.

"ఎందుకు బంద్ చేసినవ్?" అంది. అంతవరకూ 'మీరు' అనే మనిషి, తనకు తెలియకుండానే.

"నువ్వు చెప్పు, ఇంటున్న" అన్నాను.

తరంగాల గురించి అన్ని పుస్తకాలు చదివిన ఆ ఖర్‌ఖర్ కుర్రాడికి ఆ ఒక్క మాట ఆ వంతెన మీద ఎలా తట్టిందో, ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టదు.