లస్మవ్వ కూర్చోబెట్టిన పిల్లలు

లస్మవ్వది మెత్తని చేయి అని ఆశ్రమంలో పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకుంటే నోరు చేదవుతుంది. అయినా చెప్పుకోవాల్సిందే.

మొగుడు జ్వరంతో పోయాక, 1974లో హుజూరాబాద్ వైపు నుంచి కరీంనగర్ వచ్చి, ఊరి బయట బుద్ధి ఎదగని పిల్లల ఆశ్రమంలో ఆయాగా చేరింది. నలభై మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు. వండాలి, తినిపించాలి, కడగాలి. పిల్లలు తలో దిక్కు పోతే వెతికేదెవరు? అందుకని కట్టేసేవారు. ఆ మాట మాత్రం ఎవరూ అనరు. కూర్చోబెట్టడం అంటారు.

"అందర్ని కూసోవెట్టినవా లస్మవ్వా?" అని వార్డెన్ సుదర్శన్‌రావు పొద్దున్నే అడిగేవాడు.

"కూసోవెట్టిన సారూ."

పాత ఆయా కొబ్బరితాడు వాడితే కాళ్లు పుండ్లయ్యేవి. లస్మవ్వ పాత చీరలు చింపి ఆ పేలికలతో కట్టేది. చర్మం కందేది కాదు. తన దయకు తనే మురిసిపోయేది. మెత్తగా కడితే అది కట్టు కాకుండా పోతుందా? ఆమెకు తట్టలేదు. అప్పుడప్పుడు ఆశ్రమం చూసిపోయే పెద్దమనుషులకు మాత్రం తట్టిందా ఏమన్నా!

1981లో సిరిసిల్ల నుంచి కనకవ్వ తన ఎనిమిదేళ్ల కూతురు అనసూయను నడిపించుకుంటూ తెచ్చింది. పిల్లకు మాటలు రావు, భయం తెలియదు, కాలు ఒకచోట నిలవదు. తండ్రి మరమగ్గాల మీద, తల్లి కండెలు చుడుతూ ఉంటే రోడ్డు మీదికి ఉరికేది. రెండుసార్లు లారీ కింద పడబోయింది.

"జర పైలంగ చూడు అక్కా. బాగ ఉరుకుతది. ఇల్లు సక్కవెట్టుకోంగనే తోల్కపోత."

ఆ రోజే లస్మవ్వ అనసూయను కిటికీ ఊచ పక్కన కూర్చోబెట్టింది. పిల్ల నెల రోజులు గింజుకుని ఊరుకుంది. బుద్ధి వస్తోందని వార్డెన్ రాసుకున్నాడు. తల్లి ఏడాదికోసారి వస్తే కట్లు విప్పి, చాప మీద కూర్చోబెట్టి చూపించేవారు. నాలుగో ఏడు ఒకనాడు స్నానానికి లేపితే అనసూయ కూలబడిపోయింది. ముడుచుకున్న మోకాళ్లు సాగలేదు. లస్మవ్వ నెలల తరబడి నూనె రాసి తోమింది. ఎవరికీ చెప్పలేదు.

1986 ఎండాకాలంలో కనకవ్వ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"తోల్కపోతనక్కా. రేకుల ఇల్లు ఏసుకున్నం. సుట్టు గోడ గూడ పెట్టిచ్చినం. ఇగ ఎంత ఉరికినా వాకిట్లనే ఉరుకుతది."

వార్డెన్ రోగం ముదిరి కాళ్లు పడిపోయాయన్నాడు. కనకవ్వ లస్మవ్వ వైపు చూసింది. అవునని తలూపితే చాలు, కొలువు నిలుస్తుంది. పన్నెండేళ్ల అన్నం అది.

"రోగం కాదు చెల్లే," అంది లస్మవ్వ. "నడుసుకుంట వచ్చిన పిల్లను నేనే కట్టేసిన. అయిదేండ్లు."

కనకవ్వ తిట్టలేదు, కొట్టలేదు. పదమూడేళ్ల బిడ్డను చంకనెత్తుకుని గుమ్మం దాకా పోయి ఆగింది.

"కట్టేసుడే అయితే, నేను ఇంట్లనే కట్టేసుకుందును గదక్కా," అంది.